సొమ్మొకడిది, సోకొకడిది: నేను కొన్న పాత అంబాసిడర్

వాడ ముచ్చట్లు - 31



పోయిన నెల నేనొక కారు కొన్నాను. 1968 మోడల్ అంబాసిడర్, మార్క్ టూ. హైదరాబాద్‌లో పాత కార్ల ప్రియులు కలుసుకునే ఒక మీట్‌లో కొన్నాను. అక్కడ జరిగింది ఇద్దరు మిత్రులకు చెప్పాను. ఒకాయన విప్లవ సంఘంలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు. "దొరల కారు కొని దొరవు అవుదామనుకున్నవా?" అన్నాడు. ఇంకొకాయన నాతో పాటు పాఠాలు చెప్పే లెక్చరర్. "ఇనుప ముక్కకు కూడా కులం అంటగడతావా సార్? హాయిగా నడుపుకోండి" అన్నాడు.

ఒకాయనకు నేను కొనడం తప్పు. ఇంకొకాయనకు కొన్నాక నోరు విప్పడం తప్పు. ఇద్దరికీ కలిపి ఇక్కడే జవాబు చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ మీట్ ఎట్లుంటుందో చెప్పాలి. మీలో చాలామంది చూసి ఉండరు. ఒక పెద్ద హోటల్ వెనకాల పచ్చగడ్డి మైదానం. నలభై దాకా కార్లు వరసగా నిలబెట్టారు. ఫియట్లు, అంబాసిడర్లు, మోరిస్ మైనర్లు, విల్లీస్ జీపులు, స్వాతంత్ర్యానికి ముందటి బ్యూక్ ఒకటి. ప్రతి కారు ముందూ ఒక అట్ట. దాని మీద మూడే మూడు సంగతులు: ఏ కంపెనీ, ఏ సంవత్సరం, ఓనర్ ఎవరు. ఓనర్ పేరు చివర తోక ఉంటుంది. నేను నలభై అట్టలూ చదివాను. తోకలు మూడు నాలుగు రకాలే. మీకు లెక్క చెప్పక్కర్లేదు.

నేను ఇస్త్రీ చొక్కానే వేసుకుని వెళ్ళాను. అయినా గేటు దగ్గర కుర్రాడు నన్ను చూసి "డ్రైవర్లకు టీ అటు పక్క అన్నా" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడూ మనవాడే అయ్యుంటాడు. మనిషి ముఖం చూసి ఎటు పంపాలో వాడికి ఎవరో నేర్పారు. నేనూ అటే వెళ్ళాను. టీ అక్కడే బాగుంది, ముచ్చటా అక్కడే బాగుంది. ఆ కార్ల గురించి నిజంగా తెలిసినవాళ్ళంతా ఆ పక్కనే ఉన్నారు. ఏ కారు ఎక్కడ ఆగిపోతుంది, ఏ కారుకు రేడియేటర్ కారుతుంది, ఏ కారు మీద పెయింటు కింద అంతా పుట్టీయే ఉంది, అన్నీ వాళ్ళకు తెలుసు. ఒక్క అట్ట మీద కూడా వాళ్ళ పేరు లేదు.

మైదానంలోకి వస్తే, బ్యూక్ ఓనర్ సీటు మీద చెయ్యి వేసి చూపిస్తున్నాడు. "ఒరిజినల్ లెదర్ అండీ, ముట్టుకుని చూడండి." అందరూ ముట్టుకుంటున్నారు. నేనూ ముట్టుకున్నాను. మా తాత తంగేడు చెక్క నీళ్ళలో తోళ్ళు నానబెట్టి, ఆ వాసన ఒంటికి పట్టించుకుని బతికాడు. ఆ వాసన వల్లే ఊరి బావి దగ్గరికి రానివ్వలేదని పెద్దలు సెలవిచ్చేవాళ్ళు. వాళ్ళ కారులో ఉంటే లెదర్. మా తాత చేతిలో ఉంటే తోలు. లెదర్‌ని ముట్టుకుంటే గొప్ప, తోలును ముట్టుకుంటే మైల. తేడా వస్తువులో లేదు, ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది.

ఇప్పుడు "వింటేజ్" అనే మాట దగ్గరికి వద్దాం. ఇది ఉత్త ముద్దుపేరు కాదు, చట్టంలో ఉన్న మాట. 2021లో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. 50 ఏళ్ళు దాటిన బండి, పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచితే, అది వింటేజ్. కొత్తగా రిజిస్ట్రేషన్ చేయిస్తే నంబరులో "వీఏ" అనే అక్షరాలు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు పాత నంబరే ఉంచుకోవచ్చు. ఒకటే షరతు: దాన్ని రోజువారీ పనికి వాడకూడదు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, రిపేరుకో బయటికి తీయాలి.

అదే సంవత్సరం అదే శాఖ తుక్కు విధానం కూడా తెచ్చింది. కిరాయికి తిరిగే బండి 15 ఏళ్ళు దాటి ఫిట్‌నెస్ పరీక్షలో తప్పిందంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే, తుక్కుకు పోవాలి. వింటేజ్ బండ్లకు మాత్రం ఈ బాధ లేదు.

ఈ రెండు రూల్సూ పక్కపక్కన పెట్టి చదవండి తమ్ముళ్ళూ. నేను పొగను సమర్థించడం లేదు. పొగ ముందుగా ఎక్కేది రోడ్డు పక్క గుడిసెలో పిల్లల ఊపిరితిత్తుల్లోకే. నేను చెప్పేది వేరు. పని చేసే బండి ముసలిదైతే తుక్కు. పని చేయని బండి ముసలిదైతే వారసత్వం. మా బస్తీలో ఆటో నడిపే తమ్ముడి బండికి పదిహేనేళ్ళు నిండితే వాడికి నిద్ర పట్టదు. మైదానంలో కారుకు యాభై నిండితే దానికి పుట్టినరోజు చేస్తారు. గౌరవం పొందాలంటే మొదటి షరతు, పని చేయకపోవడం. ఈ నీతి మనకు కొత్త కాదు. చెమట పట్టనివాడే పెద్ద అని చెప్పే ధర్మశాస్త్రం కింద వేల ఏళ్ళు బతికిన జనం మనం. ఆ సూత్రాన్నే ఇప్పుడు చక్రాలకు తగిలించారు.

ఇక నా బేరం కథ. అంబాసిడర్ అమ్మకానికి పెట్టినాయన అరవై దాటిన పెద్దమనిషి. మొదట చాలా మర్యాదగా మాట్లాడాడు. "రండి సార్, చూడండి సార్." నేను బానెట్ ఎత్తి ఇంజన్ నంబరు ఆర్‌సీ బుక్కుతో సరిచూశాను. ఫుట్‌మ్యాట్ ఎత్తి కింద తుప్పు చూశాను. మడ్‌గార్డ్ మీద అయస్కాంతం పెట్టి చూస్తే రెండు చోట్ల అతుక్కోలేదు, అంటే అక్కడ రేకు మీద పుట్టీ మందంగా ఉంది. స్టార్ట్ చేస్తే నీలం పొగ వచ్చింది, అంటే రింగులు అరిగాయి. స్టీరింగ్ పక్కన ఉండే గేరు మూడో దాంట్లో పడటానికి మొరాయించింది. ఇవన్నీ చెప్తుంటే ఆయన ముఖం వెలిగింది. "మీకు బాగా తెలుసే! ఏ ఊరండీ మీది?"

నల్లగొండ జిల్లా అని ఊరి పేరు చెప్పాను. "అరే, అక్కడ మా చుట్టాలున్నారు. ఇంటిపేరు?"

తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న ఏమిటో తెలుసు. ఇంటిపేరు చెప్పాను. అందులోంచి ఆయనకు ఏమీ దొరకలేదు. మా ఇంటిపేరు మూడు కులాల్లో ఉంది. ఇక సుత్తి లేకుండా నేనే చెప్పేశాను: "మాది మాదిగవాడ."

ఆయన ఏమీ తిట్టలేదు. ముఖం కూడా చిట్లించలేదు. ఒకటే మారింది. అప్పటిదాకా "మీరు" అన్నాయన, "ఏం చేస్తుంటవు నువ్వు?" అన్నాడు. నా వయసు యాభై రెండు. మా కాలేజీలో ప్రిన్సిపాల్ కూడా నన్ను మీరు అంటాడు. మీరుకూ నువ్వుకూ మధ్య ఒక్క వాక్యం దూరం. అట్రాసిటీ చట్టంలో దీనికి సెక్షన్ లేదు.

తర్వాత ఆయన అన్న మాట జాగ్రత్తగా వినండి. "ఇది మా నాన్నగారి కారు. డబ్బు కోసం అమ్మడం లేదు. మంచి ఇంటికి పోవాలని మా కోరిక. మేము ఓనర్లం కాదు, కాపాడేవాళ్ళం మాత్రమే." ఆ మైదానంలో ఈ మాట చాలామంది నోట విన్నాను. వినడానికి ఎంత బాగుంది! కానీ "మంచి ఇంటికి పోవాలి" అనే మాట మనం ఇంకెక్కడ వింటాం? పెళ్ళి సంబంధాల్లో. ఊరు, ఇంటిపేరు, చుట్టరికం, సంప్రదాయం, అన్నీ అడిగారు. గోత్రం ఒక్కటే మిగిలింది. రేకూ రబ్బరూ కలిసిన వస్తువును కూడా కులాంతరం చేయడానికి మనసొప్పలేదు.

"ఇంకొకరు అడ్వాన్స్ ఇచ్చి పోయిండ్రు, వాళ్ళు కాదంటే చెప్త" అన్నాడు. నేను మళ్ళీ టీ దగ్గరికి వచ్చాను. అక్కడ ఆ కారును ఇరవై ఏళ్ళుగా బాగు చేస్తున్న ముసలి సాయబు ఉన్నాడు. "అడ్వాన్సూ లేదు గిడ్వాన్సూ లేదు సార్. ఆర్నెల్ల సంది అడిగినోడు లేడు. రింగులు పోయిన బండి ఎవడు కొంటడు? పైసలు చేతిల పెట్టుండ్రి, ఇస్తడు" అన్నాడు.

పెట్టాను. చిట్టీ పాడిన డబ్బు, మూడు లక్షల పది వేలు. కట్టలు చూశాక అడ్వాన్స్ ఇచ్చినాయన ఎవరో మాయమైపోయాడు. నోటుకు అంటు లేదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అక్కడికక్కడే అయ్యాయి. తాళాలు ఇచ్చే ముందు ఆయన ఒక పని చేశాడు. డ్యాష్‌బోర్డ్ మీద అతికించి ఉన్న చిన్న వినాయకుడి బొమ్మను గోటితో జాగ్రత్తగా పీకి, రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇది మా ఇంటి దేవుడు" అన్నాడు. నాకు ఆ దేవుడితో పని లేదు. కానీ అమ్మినాయన ఏది అమ్మొచ్చో, ఏది అమ్మకూడదో ఎంత స్పష్టంగా తెలిసినవాడో చూడండి.

ఇక లెక్చరర్ మిత్రుడి ప్రశ్న: కారుకు కులమేమిటి? సార్, మీరన్నది సగం నిజం. ఇనుముకు కులం లేదు. నీళ్ళకూ లేదు. అయినా మహాడ్ చెరువు దగ్గర 1927లో నీళ్ళు తాగినందుకు మనవాళ్ళ తలలు పగిలాయి. వస్తువుకు కులం ఉండదు. దాని చుట్టూ ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే రూల్సుకు కులం ఉంటుంది. బండికైతే ఆ రూల్సు మరీ గట్టివి. ఎవరు ఎక్కాలి, ఎవరు నడపాలి, ఎవరు తోయాలి అన్నది బండి పుట్టినప్పటి నుంచీ ఉంది.

బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో తన జీవితంలోంచి రాసిన సంగతులు చూడండి. అందులో రెండు బండి కథలే. మొదటిది 1901. తొమ్మిదేళ్ళ పిల్లవాడు, తోటి పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి పోవాలని రైలు దిగుతాడు. మహర్ పిల్లలని తెలియగానే ఒక్క బండివాడూ ఎక్కించుకోడు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, రెట్టింపు కిరాయికి. షరతు ఏమిటంటే పిల్లలే బండి తోలుకోవాలి, వాడు పక్కన నడుస్తాడు. రెండోది 1929, చాలీస్‌గావ్. అప్పటికి ఆయన విదేశాల్లో చదివి వచ్చిన బారిస్టర్, ప్రభుత్వ కమిటీ సభ్యుడు. టాంగావాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టుకుని నడపం అన్నారు. టాంగా కిరాయికి ఇస్తాం గానీ తోలం అన్నారు. అలవాటు లేని మనవాడొకడు తోలాడు. వంతెన మీద చక్రం రాళ్ళలో ఇరుక్కుని బాబాసాహెబ్ ఎగిరిపడ్డాడు, కాలు విరిగింది.

ఇందులో డబ్బు సమస్య లేదు. 1901లో రెట్టింపు ఇచ్చారు, 1929లో కిరాయి కట్టారు. టాంగావాడు పేదవాడే. అయినా ఒక అంటరాని బారిస్టర్‌ను వెనక కూర్చోబెట్టుకుని తాను ముందు కూర్చోవడం వాడికి పరువు తక్కువ. అందుకే విప్లవ మిత్రుడా, "అంతా డబ్బే, వర్గమే" అని నువ్వు చెప్తే నేను ఆ వంతెనను చూపిస్తాను.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. అంబాసిడర్ అంటే ఇప్పుడు అందరికీ మురిపెం. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1957 నుంచి బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసింది, 2014లో ఆగిపోయింది. "మన దేశపు కారు, అందరి కారు" అని రాస్తుంటారు. ఏ అందరిదయ్యా? కారు కావాలంటే ఏళ్ళ తరబడి బుకింగులో నిలబడాల్సిన కాలంలో అది కలెక్టరుది, మంత్రిది, కాంట్రాక్టరుది, దొరది. మా వాడలోకి ఆ తెల్ల కారు వచ్చిందంటే రెండే కారణాలు. ఎలక్షన్ వచ్చి ఉండాలి, లేకపోతే శవం లేచి ఉండాలి. దాని మీద ఎర్రబుగ్గ తీసేయడానికి 2017 మే దాకా పట్టింది. మాకు అది కారు కాదు, రాజ్యం.

మా ఊరి దొరకు అట్లాంటి కారే ఒకటుండేది. మా నాయిన పన్నెండేళ్ళకే అక్కడ జీతం ఉన్నాడు. డ్రైవర్ వేరే, సాయబు. నాయిన పని కారు బయట కడగడం. బయట మాత్రమే. లోపల సీట్లు తుడవడానికి వేరే కులం మనిషి. ఆ కారు గడప మా నాయినకు గుడి గడప లాంటిది. వానాకాలం బురదలో దిగబడితే తోయడం, బ్యాటరీ చచ్చినప్పుడు ముందు నుంచి హ్యాండిల్ కొట్టడం కూడా ఆయన పనే.

హ్యాండిల్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. వంకర ఇనుప రాడ్డు. కారు ముందు బంపర్ దగ్గర రంధ్రంలో దూర్చి బలంగా తిప్పితే ఇంజన్ అందుకుంటుంది. ఒక్కోసారి ఇంజన్ ఎదురు తిరుగుతుంది. అప్పుడు రాడ్డు వెనక్కి విసిరి కొడుతుంది. 1971 వానాకాలంలో అట్లాగే కొట్టింది. మా నాయిన కుడి మణికట్టు విరిగింది. దొర పట్నం పోయే తొందరలో ఉన్నాడు. ఇంకొక జీతగాడిని పిలిచి హ్యాండిల్ కొట్టించుకుని వెళ్ళిపోయాడు. నాయినకు ఊళ్ళోనే పసరు కట్టు కట్టారు. ఆ చెయ్యి ఇప్పటికీ వంకరగా ఉంటుంది. అన్నం ముద్ద కలిపితే వేళ్ళు పక్కకు పోతాయి. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976లో వచ్చింది. మణికట్టుకు అది ఐదేళ్ళు లేటు.

మైదానంలో ఆ రోజు ఒకాయన హ్యాండిల్ తిప్పి చూపిస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు, ఫోన్లలో వీడియోలు తీశారు. "ఆ రోజులే వేరు" అన్నారు. అవును, వేరే. వాళ్ళకు అది ఆట. ఆ ఆట మా నాయిన చేతిలో ఎముక.

పాత వస్తువును ప్రేమించడం తప్పని నేను అనను. నాకూ ఆ ఇంజన్ చప్పుడంటే ఇష్టం. వాళ్ళ ప్రేమలో ఉన్న మోసం ఒకటే: కారు జ్ఞాపకాన్ని ఓనర్ జ్ఞాపకంగా మార్చేశారు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించింది, ఆయన 1911లోనే పోయాడు. ఎక్కని రాజు పేరు దానికి వందేళ్ళ నుంచీ ఉంది. వందేళ్ళుగా దాన్ని తుడిచినవాళ్ళ పేరు? ఎక్కనివాడిది చరిత్ర, తుడిచినవాడిది చాకిరీ. మా పెద్దలు దీన్నే సొమ్మొకడిది, సోకొకడిది అన్నారు.

నా కారు ఆర్‌సీ బుక్కులో నాకు ముందు నలుగురు ఓనర్ల పేర్లున్నాయి. నాలుగుకు నాలుగూ అవే తోకలు. ఐదో పేరు నాది. యాభై ఏళ్ళ పైన పట్టింది ఆ బుక్కులో ఒక మాదిగ పేరు ఎక్కడానికి.

విప్లవ మిత్రుడా, ఇప్పుడు నీ మాటకు వస్తాను. నీ అనుమానం పూర్తిగా తప్పని నేను అనను. ఐదో పేరు ఎక్కించుకుని, రేపటి నుంచి నేనూ అట్ట పెట్టుకుని, "కాపాడేవాణ్ణి" అని మురిసిపోతే నువ్వు తిట్టింది నిజమే అవుతుంది. అట్లా పోయినవాళ్ళు మనలో ఉన్నారు. కానీ నీ కోపంలో ఇంకొకటి ఉంది. అది నాకు ఇష్టం లేదు. నీ మేనమామ తోటలో 1942 జీపు ఉందని నువ్వే చాలాసార్లు చెప్పావు. దాన్ని చూసి నువ్వెప్పుడూ విప్లవం చెడిపోయిందని బాధపడలేదు. మేము కొంటేనే చెడుతుంది. మా పేదరికం నీకు పోస్టర్ మీద కావాలి. బాబాసాహెబ్ సూటు వేసుకుంటే కూడా ఇట్లాగే అన్నారు. మేము ఏది కట్టుకోవాలో ఊరు చెప్పేది. ఏది కొనాలో నువ్వు చెప్తావా?

కారు కొంటే విముక్తి వస్తుందని నేను చెప్పను. చిట్టీ డబ్బులు పెట్టి మీరు ఎవరూ పాత కార్లు కొనొద్దు కూడా. రింగులు మార్చడానికి నాకు ఇప్పుడు అప్పు అవుతోంది. నేను చెప్పేది జ్ఞాపకం గురించి. భూమి వాళ్ళ దగ్గరుంది, గడీ వాళ్ళ దగ్గరుంది. ఇప్పుడు పాతకాలం కూడా వాళ్ళదే అయిపోతోంది. మనకు ఎప్పుడూ "కష్టాలు" మిగులుతాయి, వాళ్ళకు "చరిత్ర" మిగులుతుంది. ఈ పంపకం నాకు ఒప్పుకోలేదు.

కారును ఊరికి తీసుకుపోయాను, సాయబు ముందే హెచ్చరించినట్టు రెండు చోట్ల ఆగి, రేడియేటర్‌లో నీళ్ళు పోసుకుంటూ. ఇంటి ముందు ఆపాను. డెబ్బై ఆరేళ్ళ మా నాయిన బయటికి వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. నేను తలుపు తీశాను. ఆయన లోపల కూర్చోలేదు. భుజం మీది తువ్వాలు తీసి హెడ్‌లైట్ తుడవడం మొదలుపెట్టాడు. "నాయినా, మనదే ఇది" అన్నాను. "తెలుసు" అన్నాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

మా అమ్మ ముందు సీట్లో కూర్చుంది. మెత్తగా ఉందని ఒకసారి నొక్కి చూసి, చాలాసేపటికి అంది: "మీ అక్క కాన్పు నాడు ఇది షెడ్డులనే ఉండె. మీ నాయిన పోయి అడిగితే డ్రైవర్ లేడన్నరు. డ్రైవర్ అరుగు మీద చాయ తాగుతుండె." ఎడ్లబండిలో ఆస్పత్రికి పోతూ దారిలోనే మా అక్క పుట్టింది. ఊళ్ళో ఇప్పటికీ ఆమెను బండిపిల్ల అంటారు. ఆ పేరు వెనక ఒక కారు ఉందని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. ఆ షెడ్డు రోజూ ఊడ్చింది కూడా మా అమ్మే. నేను నాయిన కథ ఒక్కటే రాయబోయాను. ఇది మన మగవాళ్ళ రోగం, నాది కూడా.

సాయంత్రం డిక్కీ తెరిస్తే అడుగున హ్యాండిల్ రాడ్డు కనబడింది. నాయిన దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని బరువు చూశాడు. నా చేతికిచ్చి నా వేళ్ళు సర్దాడు. "బొటనవేలు అటు చుట్టొద్దు. నాలుగేళ్ళ దిక్కే పెట్టు. అటు చుడితే ఎదురు తిరిగినప్పుడు ఇరుగుతది." మైదానంలో చప్పట్లు కొట్టించుకున్నాయన బొటనవేలు చుట్టూ తిప్పే పట్టుకున్నాడు, నాకు బాగా గుర్తు. "నీకెవరు నేర్పిన్రు నాయినా?" అని అడిగాను.

"ఎవరు నేర్పుతరు? ఇరిగినంక తెలిసింది."

మిత్రులారా, ఇది కష్టం కథ కాదు, విద్య. ఆ కారు గురించి ఆ నలభై మందికి తెలియనిది మా నాయినకు తెలుసు. దానికి ఆయన ఫీజు కూడా కట్టాడు.

అందుకే ఆ మీట్ నడిపేవాళ్ళకు ఒక ఉత్తరం రాశాను. అట్ట మీద మూడు సంగతులు ఉంటున్నాయి, ఇంకో రెండు చేర్చండి: ఎవరు నడిపారు, ఎవరు బాగు చేశారు, కడిగారు. తెలియకపోతే "తెలుసుకోలేదు" అని రాయండి, అది కూడా నిజమే కదా. ఇంకా జవాబు రాలేదు. సభ్యత్వం కావాలంటే ఇద్దరు పాత సభ్యుల సిఫారసు ఉండాలట. నాకు సిఫారసు అక్కర్లేదు, అట్ట కావాలి. వచ్చే మీట్‌కు నా కారు ముందు నా అట్ట నేనే పెడతాను. అందులో సాయబు పేరు, ఆయన అనుమతితో, పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఓనర్ పేరు చివర, చిన్న అక్షరాల్లో. తీసేయమంటే తీసేయమన్న సంగతి కూడా ఇక్కడే రాస్తాను.

మీకు ఒక పని చెప్తాను. యూనివర్సిటీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు మీ నాయినను, అమ్మను, తాతను ఒకటే అడగండి. "ఎంత బాధపడ్డరు" అని అడగొద్దు. "ఏ పని చేసిన్రు? ఎట్ల చేసిన్రు? ఏ పనిముట్టు, ఎట్ల పట్టుకోవాలె?" అని అడగండి. లారీ క్లీనర్లు, ట్రాక్టర్ డ్రైవర్లు, విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ చేసినవాళ్ళు, రాణిగంజ్‌లో పాత సామాన్లు మోసినవాళ్ళు, షెడ్డు ఊడ్చినవాళ్ళు, అందరినీ. పేరు, ఊరు, సంవత్సరం, పని రాసి పెట్టుకోండి. "దొర మంచోడే" అనే మాట మధ్యలో వస్తుంది. దాన్నీ రాయండి. పక్కనే ఆయన ఎంత జీతం ఇచ్చాడో కూడా రాయండి.

నాయిన ఇంకా వెనక సీట్లో కూర్చోలేదు. నేను బలవంతం చేయలేదు. పోయిన ఆదివారం మాత్రం స్టీరింగ్ ముందు ఐదు నిమిషాలు కూర్చుని, ఎడమ చేత్తో గేరు వేసి చూశాడు. మూడో గేరు పడలేదు. "రాడ్డు అరిగింది, సాయబుకు చెప్పు" అన్నాడు.

చెప్పాను. అదే అయ్యుంటుంది అన్నాడు సాయబు.

వచ్చే భాగంలో ఆ అట్ట సంగతి.

జై భీమ్.